పుట్టింటికి వెళ్ళిన దయాబెన్

మా బావమరిది ముప్ఫయ్యేళ్ళు బొంబాయిలో ఉద్యోగం చేశాడు. అందులో పదకొండేళ్ళు డోంబివలీలో తానుండే హౌసింగ్ సొసైటీకి సెక్రటరీగిరీ కూడా వెలగబెట్టాడు. జీతం లేని ఉద్యోగం, తిట్లు మాత్రం నెలనెలా ఠంచనుగా అందేవి. రిటైరై హైదరాబాదు వచ్చాక మా వీధిలోనే ఫ్లాటు తీసుకున్నాడు. మా అమ్మాయేమో టీవీ సీరియళ్ళకి మాటలు రాస్తుంది. మేనమామా మేనకోడలూ ఒకరంటే ఒకరు ప్రాణం పెడతారు, రాత్రి ఎనిమిదిన్నర దాకా.

ఎనిమిదిన్నరకి ఆయన ఫర్సాణ్ అనే కారాల పొట్లంతో దిగుతాడు. వాళ్ళింట్లో ఆ వేళకి రిమోట్ వాళ్ళావిడ చేతిలో ఉంటుంది కనక మా ఇంట్లో సోనీ సబ్ పెట్టుకుంటాడు. ‘తారక్ మెహతా కా ఉల్టా చష్మా’ వస్తుంది. 2008 జులై 28న మొదలైంది ఆ షో. అప్పటికి మా అమ్మాయి రెండు జడలు వేసుకుని బడికెళ్ళేది.

మొన్న శుక్రవారం ఇద్దరి వాదనా ముదిరింది. నేను సోఫాలో మధ్యన ఇరుక్కుపోయి విన్నాను. ఎవరి పక్షమూ తీసుకోకుండా రాద్దామని ఉంది. ఎంతవరకు కుదురుతుందో చూడాలి.

మేనకోడలు: మామయ్యా, ఒక్కటడుగుతాను, కోప్పడకు. ఈ షో చూసి నువ్వు ఆఖరిసారి నవ్విందెప్పుడు?

మేనమామ: నిన్ననే. పడీ పడీ నవ్వాను, కావాలంటే మీ నాన్ననడుగు.

మేనకోడలు: నిన్న మధ్యాహ్నం నువ్వు చూసింది పాత ఎపిసోడ్. వంటింట్లోకి దయా గొంతు వినపడింది నాకు. ఆ గొంతు ఒక్కసారి వింటే మర్చిపోతామా? అదీ, ఇప్పుడు వస్తున్నదీ ఒకే షో అనకు.

మేనమామ: పేరదే, ఆ సొసైటీ అదే, జేఠాలాల్ అతనే. ఒకటి కాకపోతే ఎన్ని?

మేనకోడలు: జేఠాలాల్ భార్య ఏది మరి? ఆ వేషం వేసే దిశా వాకానీ 2017లో ప్రసూతి సెలవు మీద వెళ్ళింది. కథలో దయా అహ్మదాబాదు పుట్టింటికి వెళ్ళింది. ఇంతవరకు తిరిగి రాలేదు. అన్నేళ్ళు ఆడపిల్ల పుట్టింట్లో ఉండిపోతే మన ఊళ్ళో పెద్దమనుషులు పంచాయితీ పెట్టేవాళ్ళు. ఆ సొసైటీలో ఒక్కళ్ళకీ అనుమానం రాదు. మొగుడు ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాడు.

మేనమామ: వేరే అమ్మాయిని పెట్టి ఉంటే ‘దయాని మార్చేశారు’ అని నువ్వే గోల చేసేదానివి.

మేనకోడలు: చేసేదాన్నే. కాని మిగతావాళ్ళ విషయంలో వాళ్ళకా మొహమాటం లేదుగా! జేఠాలాల్ కొడుకు టపు వేషానికి ఇప్పుడున్నది మూడో కుర్రాడు. భిడే కూతురు సోనూ వేషానికైతే నాలుగో అమ్మాయి. అంజలి మారింది, సోఢీ మారాడు. ఆఖరికి కథ చెప్పే తారక్ మెహతా వేసిన శైలేష్ లోఢా కూడా 2022లో వెళ్ళిపోయాడు. ఎవరి కళ్ళజోడు పేరు మీద షో నడుస్తోందో ఆ మనిషే మారిపోతే, ఇక ఇందులో ఉల్టా ఎవరు, చష్మా ఎవరిది?

మేనమామ: అయిందా? ఇప్పుడు నా మాట విను. ‘అమృతం’ మంచి షోనా కాదా?

మేనకోడలు: దాన్ని ఇందులోకి లాగకు.

లాగక మానడని నాకు ముందే తెలుసు. మా ఇంట్లో ‘అమృతం’ అంటే ఆదివారం అన్నం పళ్ళేలు టీవీ ముందుకొచ్చిన రోజులు. మా అమ్మాయి రైటరవడానికి కారణం అదేనని నా అనుమానం. అది ఒప్పుకోదు.

మేనమామ: 2001లో మొదలైనప్పుడు అమృతం ఎవరు? శివాజీరాజా. తర్వాత నరేష్. ఆ తర్వాత హర్షవర్ధన్. హీరో పాత్రకే ముగ్గురు! పక్కింటి పిల్లాడి వేషం కాదే, టైటిల్ వేషం. మీరెవరైనా పళ్ళెం వదిలేసి లేచారా? అమృత విలాస్ హోటల్ మూతపడిందా? అంజి అంజిలాగే ఉన్నాడు, అప్పాజీ అద్దె అడుగుతూనే ఉన్నాడు, ఇల్లు నిలబడింది. మనుషులు మారితే షో చచ్చిపోతుందంటే ముందు దానికి చెప్పు.

మేనకోడలు: సరే, మనుషులు మారడం మీద నా కేసు వీగిపోయింది. అసలు సంగతికొస్తాను. ‘అమృతం’ ఆరేళ్ళు నడిచి 2007లో ఆగింది. మొత్తం 313 ఎపిసోడ్లు. వారానికొకటి. నీ తారక్ మెహతా వారానికి ఐదు వేసినా, ఆ 313 ఏడాదీ మూడు నెలల్లో అయిపోతాయి. దాన్ని తీసిన గుణ్ణం గంగరాజు గారి బృందం ఆరేళ్ళు తిన్న తిండి వీళ్ళకి ఒక్క సంక్రాంతి నుంచి మళ్ళీ సంక్రాంతి దాటి ఉగాదికి సరి.

మేనమామ: ఎక్కువ వండితే తప్పా?

మేనకోడలు: బియ్యం ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్నదే ప్రశ్న. తారక్ మెహతా అనేది ఊరికే పెట్టిన పేరు కాదుగా. నిజంగా ఉన్న రచయిత. గుజరాతీ వారపత్రిక ‘చిత్రలేఖ’లో 1971 నుంచి ‘దునియా నే ఊంధా చష్మా’ అని కాలమ్ రాశాడు. జేఠాలాల్, దయా, చంపక్‌లాల్, అందరూ అందులోంచి దిగినవాళ్ళే. కాగితం తెచ్చుకో, లెక్క వేద్దాం. 1971 నుంచి షో మొదలైన 2008 దాకా 37 ఏళ్ళు. ఆయన ఒక్క వారం కూడా మానలేదనుకున్నా, ఏడాదికి 52 చొప్పున ఎంత?

మేనమామ: పందొమ్మిది వందల... ఇరవై నాలుగు.

ఇలాంటి లెక్కలు ఆయన నోటితో చేస్తాడు. నెలవారీ మెయింటెనెన్స్ బాకీలు కట్టి కట్టి వచ్చిన విద్య.

మేనకోడలు: రోజుకొక కాలమ్ ఎపిసోడ్ చేశారనుకో. ఏడాదికి 260. ఎన్నాళ్ళొస్తాయి?

మేనమామ: ఏడున్నరేళ్ళు రావు.

మేనకోడలు: 2015 ఆఖరుకి గాదె ఖాళీ. ఒక మనిషి 37 ఏళ్ళు చుట్టూ చూసి, విని, వారానికొక్కటి చొప్పున పోగేసిన లోకం ఏడున్నరేళ్ళలో హారతి కర్పూరం. 2017 మార్చిలో ఆయన పోయాడు. ఆ తర్వాత కథ చెప్పడానికి అసలు మనిషి కూడా లేడు. 2024లో 4000 ఎపిసోడ్లు దాటారు. మిగతావన్నీ ఎక్కడివి?

మేనమామ: నీ లెక్క తప్పు. ఒక్క కాలమ్‌ని ఒక్క రోజులో ఎవరైనా ముగిస్తారా? వారం లాగుతారు.

మేనకోడలు: నువ్వే అన్నావు. నేననలేదు. లాగుతారు!

ఫర్సాణ్ పళ్ళెం ఆయన ముందుకి జరిపాను. కాసేపు నమలడంలో పడితే వాదన చల్లారుతుందని నా ఉద్దేశం. ఈలోపు తెర మీద ఏదో జరిగింది. సొసైటీ కాంపౌండులో జనం గుమిగూడారు. అవివాహితుడైన పోపట్‌లాల్ గొడుగు చంకలో పెట్టుకుని వచ్చి ఏదో వార్త చెప్పాడు. దబ్‌మని చప్పుడు. కెమెరా భిడే మొహం మీదికి వెళ్ళింది. మళ్ళీ దబ్. మాధవి మొహం.

మేనకోడలు: నాన్నా, లెక్కపెట్టు. అయ్యర్... బబితా... సోఢీ... డాక్టర్ హాథీ... కోమల్... చంపక్ చాచా...

నేను లెక్కపెట్టాను. పన్నెండు మొహాలు. ఒక్కొక్కటీ నోరు తెరుచుకుని, ఒక్కొక్కదానికీ ఒక చప్పుడు. అప్పుడు ప్రకటనలు పడ్డాయి. పోపట్‌లాల్ చెప్పిందేమిటో ఈలోపు మర్చిపోయాను. మళ్ళీ షో మొదలయ్యాక అతనే ఇంకోసారి చెప్పాడు.

మేనకోడలు: పన్నెండు మొహాలు, మొహానికి మూడు సెకన్లు. అరనిమిషం పైన మాట లేదు, జోకు లేదు. ఎపిసోడ్ మొత్తం ఇరవై రెండు నిమిషాలు. మా సీరియళ్ళలోనూ ఇదే పని చేస్తాం మామయ్యా, నేను పెద్ద పతివ్రతని కాను. కాని మావి ఏడుపు సీరియళ్ళు. ఏడుపుకి సాగదీత పనికొస్తుంది. నవ్వుకి పనికిరాదు. జోకు ఒక సెకను ఆలస్యమైతే సద్దన్నమే.

మేనమామ: మరి జనం చూస్తున్నారుగా? 2025 వేసవిలో బంగళాలో దయ్యం కథ వేస్తే టీఆర్పీ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. పదిహేడో ఏట! ముసలాడికి పళ్ళు లేవంటున్నావు, వాడు చెరుకు నములుతున్నాడు.

మేనకోడలు: దయ్యం! హౌసింగ్ సొసైటీ కథలో దయ్యం ఎందుకొచ్చింది? అమెరికాలో ‘హ్యాపీ డేస్’ అని ఒక షో ఉండేది...

మేనమామ: శేఖర్ కమ్ములది?

మేనకోడలు: కాదు, అంతకు ముప్ఫయ్యేళ్ళ ముందుది. మామూలు ఊరు, మామూలు కుటుంబం, మామూలు కుర్రాళ్ళు. కథలైపోయాయి. 1977లో ఒక ఎపిసోడ్‌లో హీరో లాంటివాణ్ణి తోలు జాకెట్టుతో సముద్రంలోకి దింపి, నీళ్ళ మీద జారుకుంటూ సొరచేప మీంచి దూకించారు. దాన్ని పట్టుకుని తర్వాత్తర్వాత అక్కడ ఏ షో అయినా గతి తప్పితే ‘సొరచేప మీంచి దూకింది’ అంటారు.

మేనమామ: దూకాక ఎన్నాళ్ళు నడిచింది?

మా అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. అబద్ధం చెప్పే పిల్ల కాదు.

మేనకోడలు: ఏడేళ్ళు. 1984 దాకా.

మేనమామ: ఆహా! చచ్చిపోయిందని మీరు చెప్పుకునే రోజు తర్వాత ఏడేళ్ళు బతికింది. చూడమ్మా, అతిథి మర్యాద మించి కూర్చున్నాడని నీ ఫిర్యాదు. ఎవరింట్లో కూర్చున్నాడు? నా ఇంట్లో. నేను పొమ్మన్నానా? ‘మీ చుట్టం ఇంకా వెళ్ళలేదేమిటండీ’ అని పక్కింటివాళ్ళు వచ్చి అడగడమేమిటి?

ఆయన ఇంట్లో కాదు, మా ఇంట్లో. ఆ మాట పైకి అనలేదు.

మేనమామ: ఇంకోటి. నట్టూ కాకా వేసిన ఘనశ్యామ్ నాయక్ ఎన్నేళ్ళు చిన్నా చితకా వేషాలు వేశాడు? గుజరాతీ నాటకాలు, సినిమాల్లో గుంపులో గోవిందయ్యలు. ముసలితనంలో దేశమంతా ఎరిగిన మొహమయ్యాడు. 2021లో పోయేదాకా ఆ వేషమే ఆయన్ని పోషించింది. దిలీప్ జోషీ సంగతి చూడు. ‘మైనే ప్యార్ కియా’లో ఇంటి నౌకరు, ‘హమ్ ఆప్‌కే హై కౌన్’లో ఇంకో చిన్న వేషం. జేఠాలాల్ రాకముందు చేతిలో పనే లేదని తనే చెప్పుకున్నాడు. ‘షో ఘనంగా ముగిసింది’ అని మీ పత్రికల్లో రాసుకుంటే వాళ్ళింట్లో కుక్కర్ కూతపెడుతుందా?

మేనకోడలు: అది మాత్రం నిజమే.

మేనమామ: పైగా ఆ సొసైటీ గుట్టు నీకేం తెలుసు? గుజరాతీ, మరాఠీ, పంజాబీ, బెంగాలీ పెళ్ళానికి తమిళ మొగుడు. గోరేగావ్, ములుండ్, డోంబివలీ, ఎక్కడికెళ్ళినా ఇవే నేమ్ ప్లేట్లు.

మేనకోడలు: తెలుగు నేమ్ ప్లేట్ ఏది మరి? ప్రధాన పాత్రల్లో ఒక్క తెలుగువాడూ లేడు. తమిళ అయ్యర్ వేసేది మరాఠీ నటుడు. యాస పెడితే చాలు, దక్షిణాది అయిపోయింది. నిన్ను అక్కడ ఏమని పిలిచేవాళ్ళు?

మేనమామ: మద్రాసీ. పదకొండేళ్ళు చెప్పాను, మాది మద్రాసు కాదు కాకినాడ అని. చివరికి ‘కాకినాడ మద్రాసీ’ అన్నారు. అయినా నాకు అయ్యర్‌తో పని లేదు, నేను చూసేది భిడే కోసం. ఆత్మారామ్ తుకారామ్ భిడే, గోకుల్‌ధామ్ సొసైటీ ఏకైక సెక్రటరీ! ఆ నోటీసు బోర్డు ముందు నిలబడి చాక్‌పీసు పట్టుకున్నప్పుడు ఆ నడుం వంపు చూశావా? నేనది. అచ్చంగా నేనే. మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం, 1960, జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఎవడైనా వినేవాడా! వార్షిక సమావేశానికి సమోసా ఉందంటే పదహారు ఫ్లాట్ల వాళ్ళూ దిగేవాళ్ళు. పెయింటింగుకి తలా ఇంత వేసుకుందాం అనగానే అందరికీ మెట్ల మీద ఫోన్లు మోగేవి.

మేనకోడలు: ఇదీ! మామయ్యా, ఇదీ షో! సమోసా, మెట్ల మీద ఫోన్లు. మొదటి నాలుగైదేళ్ళు వాళ్ళు వేసింది ఇదే. జేఠాలాల్‌కి షాపులో బేరం తప్పింది, బావమరిది సుందర్ అహ్మదాబాదు నుంచి దిగి డబ్బు లాగాడు, తండ్రి బాపూజీ తిట్టాడు. అంతే. ఆ తర్వాత ఏమైంది? 2014లో స్వచ్ఛ భారత్ మొదలైనప్పుడు ప్రధాని పిలిచిన తొమ్మిది పేర్లలో వీళ్ళ బృందం ఒకటి. గౌరవమే. కాని అప్పట్నుంచి ఎవరు చెత్త వేసినా ఉపన్యాసం. నీళ్ళు వృథా చేస్తే ఉపన్యాసం. జోకు చెప్పాల్సిన నోటితో సందేశం చెప్పించడం మొదలుపెట్టారు. కథ లేనప్పుడు మేమూ అదే చేస్తాం, చాలా తేలిక. మాట తోచకపోతే మంచిమాట రాయడం.

మేనమామ: ఇంతకీ నీకు కడుపుమంట ఎక్కడ? ఇవాళ మరీ రెచ్చిపోతున్నావు.

అప్పుడు బయటపడింది అసలు విషయం. మా అమ్మాయి రాసే సీరియల్‌కి ఈ నెలాఖరున శుభం కార్డు పడాలి. పెళ్ళి సీను కూడా రాసిచ్చేసింది. మంగళవారం చానెల్ నుంచి ఫోనొచ్చింది, రేటింగ్ నిలకడగా ఉంది, ఇంకో వంద ఎపిసోడ్లు కావాలని. ఇప్పుడు పెళ్ళికూతుర్ని పీటల మీంచి లేపాలి. ఎలా లేపాలో తెలియక మూడు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

మేనమామ: మీ అత్త చూస్తున్నది అదే కదే! పెళ్ళి ఎప్పుడని రోజూ నన్ను చంపుతోంది.

మేనకోడలు: నన్నూ ఫోన్ చేసి అడుగుతోంది. ఏం చెప్పను? నెలాఖరుకే అత్తా అని మాటిచ్చాను.

మేనమామ: నచ్చకపోతే మానెయ్యి.

మేనకోడలు: ఈఎంఐ నువ్వు కడతావా?

మేనమామ: మరి వాళ్ళకి మాత్రం ఈఎంఐలు ఉండవా?

ఇక్కడ ఇద్దరూ ఆగిపోయారు. ప్రకటనలో ఎవరో డిటర్జెంటు పొడి గురించి పాడుతున్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఏం తోచలేదు. పన్నెండు ఎపిసోడ్లకే ఆపేసిన బ్రిటిష్ ‘ఫాల్టీ టవర్స్’ గురించి ఎప్పుడో చదివాను, గొప్పగా చెప్పుకుంటారు. పన్నెండుతో ఆపగలగడానికి కూడా కొంత వెసులుబాటు ఉండాలి. ఘనంగా ఆగిందన్న మన ‘అమృతం’ కూడా ఆగి ఊరుకోలేదు. 2014లో ‘చందమామలో అమృతం’ అని సినిమాగా వచ్చింది, 2020లో ‘అమృతం ద్వితీయం’ అని ఓటీటీలో వచ్చింది. రెండింటికీ నేను ముందు కూర్చున్నాను. రెండుసార్లూ అంజి వేసిన గుండు హనుమంతరావుని వెతుక్కున్నాను. రెండోసారికి ఆయనే లేడు, 2018లో పోయాడు. వెతకడం తప్పని తెలిసీ వెతికాను.

మేనమామ: విను. నువ్వన్నట్టు ఊట ఎండిందనే అనుకుందాం. మా ఊళ్ళో ఊరబావి ఎండిపోయాక కూడా సాయంత్రం పూట జనం గట్టు మీదకి వచ్చి కూర్చునేవాళ్ళు. బిందెలు ఉండేవి కావు, చేద ఉండేది కాదు. కూర్చునేవాళ్ళు. ఎందుకంటే అలవాటు, గాలి, నలుగురూ కనిపిస్తారు. నాకిది అంతే. నవ్వడానికి చూడటం లేదు, ఎప్పుడో మానేశాను. ఎనిమిదిన్నరయింది, భిడే ఉన్నాడా, ఉన్నాడు. పోపట్‌కి పెళ్ళయిందా, కాలేదు. అంతా బాగానే ఉంది. అన్నం తిందాం.

ఇంత బాగా మాట్లాడతాడని నేననుకోలేదు. మా అమ్మాయి కూడా అనుకోలేదనుకుంటా, గట్టు మాట విని కళ్ళెత్తి చూసింది. కాని వదల్లేదు.

మేనకోడలు: గట్టు మీద కూర్చో మామయ్యా, ఎవరొద్దన్నారు. కూర్చున్నవాళ్ళకి ‘రేపు నీళ్ళు పడతాయి’ అని రోజూ చెప్పకూడదు. నా కోపమంతా అక్కడ. దయా వస్తోంది, వస్తోంది అని ఎన్నిసార్లు చెప్పారు! నిర్మాత అసిత్ మోదీ ప్రతి ఇంటర్వ్యూలో తలుపు ఓరగా తీసే పెడతాడు. 2023 చివర్లో ఏం చేశారు? దయా వచ్చేస్తోందన్నట్టు వారాల తరబడి కథ నడిపారు, ఇల్లు అలంకరించారు, జేఠాలాల్ చిన్నపిల్లాడిలా గంతులు వేశాడు. రాలేదు. షో బహిష్కరించండని అభిమానులే రచ్చ చేశారు. రాదని వాళ్ళకి ముందే తెలుసు కదా? ఆ మనిషి చేత, దిలీప్ జోషీ అంతటి నటుడి చేత, ఆ ఎదురుచూపు నటింపజేశారు. నీలాంటివాళ్ళు గట్టు మీద కూర్చుని బిందె తెచ్చుకున్నారు. పాత్ర మారిందనో, ఊట ఎండిందనో కాదు, ఆ వారమే నాకు షో చచ్చిపోయింది.

మేనమామ ఏమీ అనలేదు. రిమోట్ తీసుకుని టీవీ గొంతు తగ్గించాడు. నాకు తెలిసి ఇదే మొదటిసారి.

మేనమామ: నేనూ బిందె తెచ్చుకున్నాను. ఆ వారం మీ అత్తని కూడా కూర్చోపెట్టాను, చూడవే దయా వస్తోంది అని.

మేనకోడలు: మరి?

మేనమామ: మరేముంది, ఆవిడ లేచి తన చానెల్ పెట్టుకుంది. నేను ఇక్కడికి రావడం మొదలైంది అప్పుడే.

మళ్ళీ కాసేపు మౌనం. అప్పుడు ఆయన, దేనికి చెబుతున్నాడో చెప్పకుండా, డోంబివలీ నోటీసు కథ మొదలుపెట్టాడు. నేను ఇదివరకు వినలేదు.

మేనమామ: ఒక వేసవి. మునిసిపాలిటీ వాళ్ళు రేపు పైపు పని ఉంది, నీళ్ళు రావు అని చెప్పారు. నేను రాత్రి కూర్చుని మరాఠీలో నోటీసు రాశాను. తెలుగులో అయితే ‘రావు’ అని ఒక్క ముక్కలో అయిపోను. మరాఠీలో కాదు అనే మాట చిట్టచివర విడిగా ఉంటుంది. ‘ఉద్యా పాణీ యేణార్ నాహీ’. పెద్ద అక్షరాలు రాశాను, కాగితం చివర చోటు చాలక ఆ ‘నాహీ’ కింది వరసలోకి దిగింది. బోర్డుకి పిన్ను గుచ్చి వెళ్ళి పడుకున్నాను. పొద్దున్న ఏడింటికి తలుపు బాదుతున్నారు. తీస్తే పదహారు ఫ్లాట్ల మొగాళ్ళూ మెట్ల మీద. సగం మందికి మొహాన సబ్బు నురగ. ఒకాయన టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకునే తిడుతున్నాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు, భావం మాత్రం అందింది. కిందికి పరిగెత్తి చూద్దును కదా, నా నోటీసు కింది భాగం మీద ఇంకో కాగితం గుచ్చి ఉంది. ‘నాహీ’ దాని వెనక్కి పోయింది. పైకి కనిపిస్తున్నది ‘ఉద్యా పాణీ యేణార్’. రేపు నీళ్ళొస్తాయి. ఎవడూ బక్కెట్టు పట్టుకోలేదు.

మా అమ్మాయి నవ్వింది. మంగళవారం నుంచీ ఈ ఇంట్లో వినపడని నవ్వు. నవ్వుతూనే సోఫా పక్కన ఛార్జింగులో ఉన్న ఫోన్ లాక్కుని టైపు చేయడం మొదలుపెట్టింది. శుభలేఖ, పిన్ను, చివరి మాట, అని ఏదో గొణుక్కుంది. నాకర్థమైనంతవరకు పెళ్ళికూతురు పీటల మీంచి లేవడానికి దారి దొరికింది.

మేనకోడలు: ఆగు మామయ్యా, ఆ రెండో కాగితం ఏమిటి?

మేనమామ: మెయింటెనెన్స్ బాకీదార్ల పట్టిక.

మేనకోడలు: ఎవరు గుచ్చారు?

మేనమామ: ట్రెజరర్. నా మీద కోపంతో, రాత్రి పదకొండింటికి.

మేనకోడలు: నీ మీద కోపమెందుకు?

ఆయన టీవీ వైపు చూశాడు. గొంతు లేకుండా జేఠాలాల్ ఎవరికో ఫోన్‌లో చేతులు ఊపుతూ చెబుతున్నాడు.

మేనమామ: పట్టికలో మొదటి పేరు నాదే.